అహాబు ఇంటిలో ఓబద్యా

ధ్యానభాగము: 1 రాజులు 18:1–16



అహాబు ఇశ్రాయేలును ఏలిన దినములలో దేవుని ప్రవక్తలను వెదకి వెదకి చంపుచుండిరి. చంపించినది రాణియైన యెజెబెలు. ఆ రాణి కన్నుల యెదుటనే, ఆ రాజు ఇంటి తాళపుచెవులు చేతపట్టుకొని, ఆ ఇంటి కూడు తినుచు గృహనిర్వాహకుడుగా ఉండినవాడు ఓబద్యా. ఇతడు బాల్యమునుండి దేవునియందు భయభక్తులు గలవాడు. ఇతడు నూరుమంది ప్రవక్తలను రెండు గుంపులు చేసి, గుహలలో దాచి, వారికి తిండియు నీళ్లును అందించెను. కరవు దినములలో నూరుగురికి రొట్టె ఎక్కడనుండి వచ్చెను? వాక్యము చెప్పలేదు గాని, అహాబు కొట్టులోనుండియే వచ్చియుండునని నేను తలంచుచున్నాను.

ఈ అధ్యాయము చదువునప్పుడు మనము కర్మెలు పర్వతమునకు త్వరపడి పోవుదుము. ఆకాశమునుండి అగ్ని దిగిన చోట నిలుతుము. ఓబద్యాను త్రోవలో దాటిపోవుదుము. అయితే మనలో ఏలీయాలు ఎందరు? రాజు యెదుట నిలిచి గద్దించి, అరణ్యములోనికి వెళ్లిపోగలవారు ఎందరు? మనలో అనేకులము ఒకరి క్రింద పనిచేయువారము, ఒకరి జీతము తినువారము. ఆ ఒకరు ఎల్లప్పుడు నీతిమంతుడై యుండడు. కాబట్టి ఓబద్యా ప్రశ్న మన ప్రశ్నయే. దుష్టుని కొలువులో ఉన్నవాడు దేవునికి నమ్మకముగా ఉండగలడా? ఉండినయెడల, అతడు చేసిన మేలు ఆ కొలువు యొక్క కీడును కడిగివేయునా?

ఈ ప్రశ్నను గాలిలో విచారించుటకంటె ఒక మనుష్యుని జీవితములో విచారించుట మేలు. మన తాతల కాలములో జీవించిన ఒక బడిపంతులుగారి చరిత్రను మీ ముందుంచుచున్నాను.

విల్హెల్మ్ హోసెన్‌ఫెల్డ్ 1895 మే 2వ తేదీన జర్మనీ దేశములో, ఫుల్డా పట్టణ ప్రాంతమందలి మాకెన్‌జెల్ అను పల్లెలో పుట్టెను. తండ్రి ఉపాధ్యాయుడు. కుమారుడును ఆ వృత్తినే పట్టెను. మొదటి ప్రపంచ యుద్ధములో సిపాయిగా పోరాడి 1917లో తీవ్రముగా గాయపడెను. తరువాత పెండ్లి చేసికొని, అయిదుగురు బిడ్డలకు తండ్రియై, తాలావు అను పల్లెలో బడి నడుపుచు కాలము గడిపెను. ఆయన రోమన్ కతోలికుడు, మన సంఘమువాడు కాడు. అయినను మన ప్రభువు పొరుగువాడెవడని బోధించుటకు యూదుని కాక సమరయుని ఏర్పరచుకొనెను గదా! మనమును ఆలాగే నేర్చుకొందము.

ఇంతవరకు ఇది ఏ పల్లెలోనైనను కనబడు మంచి మాస్టరుగారి కథవలె నున్నది. అయితే ఇక్కడ ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. ఆ యేడే హోసెన్‌ఫెల్డ్ నాజీల దండైన ఎస్.ఏ.లో చేరెను. 1935లో నాజీ పార్టీలోను చేరెను. మెడపట్టి చేర్పించిరని చెప్పుటకు వీలులేదు. మొదటి యుద్ధములో ఓడి, అవమానపడి, పనులు లేక అలమటించిన తన దేశము మరల తల యెత్తునని నమ్మినవారిలో ఆయన ఒకడు. చదువుకొన్నవాడు, ప్రార్థన చేయువాడు, పిల్లలను ప్రేమించువాడు, అయినను మోసపోయెను. భక్తియు విద్యయు ఉన్నంతమాత్రమున మనుష్యుడు కాలము యొక్క వంచనకు లోబడడని ఎవరును అతిశయింపకుందురు గాక.

1939 ఆగస్టులో, 44 ఏండ్ల వయస్సున, ఆయన మరల సైన్యమునకు పిలువబడెను. సెప్టెంబరు 1వ తేదీన జర్మనీ పోలండు దేశముమీద పడెను. అదే నెలలో ఆయనను అక్కడికి పంపిరి. పాబ్యానిత్సె అను ఊరిలో పట్టుబడిన పోలండు సిపాయిల చెర ఆయన చేతిక్రిందికి వచ్చెను. అక్కడికి ఒక స్త్రీ తన భర్తను వెదకుకొనుచు వచ్చెను. శత్రుదేశపు స్త్రీ, శత్రువు భార్య. పొమ్మని గద్దించిన అడుగువారు లేరు. ఆయన ఆమె మాట విని, ఆమె భర్తను విడిపించెను. ఆ కుటుంబముతో ఆయనకు స్నేహము కుదిరెను.

ఈ మార్పు ఏ గ్రంథము చదివినందువలనను వచ్చినది కాదు. నాకు తోచునదేమనగా, బడిపంతులుకు ఒక అలవాటు ఉండును. ఉదయమున హాజరుపట్టీ తెరచి ఒక్కొక్క పేరు పిలుచును, పలికిన ముఖమును చూచును. నలుబదిమంది పిల్లలున్నను గుంపును పిలువడు, పేరును పిలుచును. యుద్ధమైతే పేరులను తుడిచివేసి గుంపులను మాత్రమే చూడుమని నేర్పును: శత్రువులు, యూదులు, బందీలు. ఎన్ని ఏండ్లుగానో పేరులు పిలిచిన మనుష్యునికి ఆ క్రొత్త పాఠము పూర్తిగా ఒంటబట్టలేదు.

1940లో ఆయనను వార్సా నగరమునకు మార్చిరి. అక్కడ జర్మను సైన్యపు ఆటల మైదానమును, వ్యాయామ శిక్షణను ఆయనకు అప్పగించిరి. ఆ యేడు నవంబరులో నాజీలు ఆ నగరములోని యూదులనందరిని ఒక పేటలో చేర్చి, చుట్టు గోడ కట్టి, ద్వారములు మూసిరి. 4,00,000కు మించిన జనము ఆ గోడల నడుమ ఆకలికిని రోగములకును అప్పగింపబడెను. 1942 జూలై 22 మొదలు సెప్టెంబరు 21 వరకు, రెండే నెలలలో, సుమారు 2,65,000 మందిని అక్కడనుండి రైలుపెట్టెలలో క్రుక్కి ట్రెబ్లింకా అను చోటికి కొనిపోయిరి. అది పని చేయించు చోటు కాదు, చంపుటకు కట్టిన చోటు.

హోసెన్‌ఫెల్డ్ తాను చూచినది, విన్నది దినచర్య పుస్తకములలో వ్రాసికొనెను, భార్యకు జాబులలో వ్రాసెను. ఆ పుస్తకములు పై అధికారులకు దొరికినయెడల ప్రాణము దక్కదు. తన జనులు చేయుచున్న పనికి ఆయన సిగ్గుపడెను. ఈ అపరాధములో తమకందరికి పాలు ఉన్నదని ఒప్పుకొనెను. "నేను కాదు, వారు" అని తప్పించుకొనలేదు. పోలండు భాష నేర్చుకొని, ఆ ప్రజల దేవాలయములకు పోయి వారితోకూడ మోకరించెను. తన మైదానపు కచేరీలో, మారుపేరులతో, వేటాడబడుచున్నవారికి పని యిచ్చెను. వారిలో రహస్య పోలీసులు వెదకుచున్న ఒక కతోలిక గురువు ఉండెను. ట్రెబ్లింకాకు పోవు రైలులోనుండి తప్పించుకొని వచ్చిన లియోన్ వార్మ్ అను యూదుడు ఉండెను. అహాబు కొట్టులోని రొట్టె ఈలాగున గుహలకు చేరినది.

1944 ఆగస్టు 1వ తేదీన వార్సా ప్రజలు తిరుగబడిరి. 63 దినములు పోరాడి ఓడిపోయిరి. పట్టుబడినవారిని ప్రశ్నించు పని హోసెన్‌ఫెల్డ్ మీద పడెను. ఎవరిని రక్షింపగలనా అని ఆయన తపించినట్లు ఆయన జాబులు తెలుపుచున్నవి. ఓడిన నగరమునుండి జనులనందరిని వెళ్లగొట్టి, నాజీలు ఇండ్లను వరుసగా తగులబెట్టిరి. ఆ శిథిలములలో ఒక మనుష్యుడు ఒంటరిగా దాగియుండెను. అతని పేరు వ్లాడిస్లావ్ ష్పిల్మన్. యుద్ధమునకు ముందు పోలండు రేడియోలో పియానో వాయించిన సంగీతకారుడు. తల్లిని, తండ్రిని, తమ్ముని, ఇద్దరు చెల్లెండ్రను 1942లో ట్రెబ్లింకాకు పంపిరి. అతడొక్కడే మిగిలెను.

నవంబరు మధ్యలో, ఒక పాడుపడిన ఇంటి వంటగదిలో తినుటకేమైనను దొరకునేమో అని వెదకుచుండగా, వెనుక ఒక జర్మను కెప్టెను నిలిచియుండెను. ష్పిల్మన్ ఇక పరుగెత్తలేక కూలబడెను. కెప్టెను అతని పని యేమని అడిగెను. పియానో వాయించువాడనని చెప్పగా, ప్రక్క గదిలోని పియానో దగ్గరకు తోడుకొనిపోయి వాయింపుమనెను. రెండున్నర ఏండ్లుగా పియానో ముట్టని వ్రేళ్లు, పెరిగిన గోళ్లు, మురికి చేతులు. అతడు షోపెన్ రచించిన ఒక రాగము వాయించెను. తరువాత, అతడు యూదుడని తెలిసినను, కెప్టెను అతని దాగుచోటును పరీక్షించి, అది చాలదని చెప్పి, పైకప్పు క్రింద ఎవరికిని కనబడని మరియొక అటకను చూపెను. ఆ మీదట రొట్టెయు, పండ్ల మురబ్బాయు తెచ్చి యిచ్చెను. కొలదికాలములోనే ఆ యింటి క్రింది అంతస్తులలో జర్మను సైన్యపు కచేరీ ప్రవేశించెను. క్రింద అధికారులు, పైన అటకలో యూదుడు. డిసెంబరు 12న కెప్టెను కడపటిసారి వచ్చి, రొట్టెయు దుప్పటియు ఇచ్చి, చలికి తన సైన్యపు కోటును కూడ ఇచ్చి వెళ్లెను. తన పేరు మాత్రము చెప్పలేదు.

1945 జనవరి 17న రష్యా సేనయు పోలండు సేనయు నగరములో ప్రవేశించెను. ష్పిల్మన్ బయటికి వచ్చెను. అతని ఒంటిమీద జర్మను కోటు ఉండెను గనుక, తన సొంత దేశపు సిపాయిలే అతనిమీద కాల్పులు జరిపిరి! నేను పోలండువాడనని అతడు కేకలు వేయగా ఆపిరి. సహోదరులారా, ఈ సంగతిని కొంచెము ఆలోచించుడి. చలిలో ప్రాణము నిలిపిన కోటే ప్రాణము తీయబోయెను. కోటును చూచినవారు లోపలి మనుష్యుని చూడలేదు. యెష్షయి కుమారులను చూడబోయిన సమూయేలుకు దేవుడు ఈ సంగతినే నేర్పెను: మనుష్యుని చూపు పైరూపముదగ్గర ఆగిపోవును, దేవుని చూపు హృదయమువరకు పోవును.

అదే దినమున, ఆ నగరమునకు పడమట బ్వోన్యె అను చోట, హోసెన్‌ఫెల్డ్ రష్యావారికి చిక్కెను. చెరలోనుండి భార్యకు వ్రాసిన జాబులో తాను కాపాడినవారి పేరులు తెలియజేసి, వారిని వెదకి సహాయము కోరుమనెను. 1947లో పక్షవాతము వచ్చెను. 1950లో సోవియట్ న్యాయస్థానము ఆయనను యుద్ధనేరస్థుడని చెప్పి 25 ఏండ్ల శిక్ష విధించెను. ఆ యేడు లియోన్ వార్మ్ ఆయన భార్యను కలిసికొనెను. అప్పుడుగాని ష్పిల్మన్‌కు తన్ను పోషించినవాని పేరు తెలియలేదు. అతడు పోలండు ప్రభుత్వపు పెద్దను బ్రతిమాలెను. ఆయన రష్యావారి చేతిలో ఉన్నాడు గనుక చేయగలిగినదేమియు లేదని జవాబు వచ్చెను. 1952 ఆగస్టు 13న, స్టాలిన్‌గ్రాడు దగ్గరి చెరలో, ఆ బడిపంతులు చనిపోయెను. తన బిడ్డలను మరల చూడలేదు.

2008లో యెరూషలేములోని యాద్ వాషెమ్ అను యూదుల స్మారకసంస్థ, ఆయన యుద్ధనేరములలో పాల్గొనలేదని విచారించి తెలిసికొని, యూదులను కాపాడిన అన్యజనులలో నీతిమంతుడని ఆయన పేరు వ్రాసెను. ఆయన మరణించి అప్పటికి 56 ఏండ్లు.

చరిత్ర ఇదియే. ఇక మన ప్రశ్నకు వత్తము.

మొదటిది: ఆయన ఆ కొలువు విడిచిపెట్టి యుండవలసినది కాదా? ఈ ప్రశ్న న్యాయమైనది, దీనిని త్రోసివేయరాదు. అదే కాలములో ఆస్ట్రియా దేశములో ఫ్రాంజ్ యేగర్‌ష్టెట్టర్ అను రైతు ఉండెను. హిట్లరు కొరకు ఆయుధము పట్టనని అతడు చెప్పెను. నీ ఒక్కడివలన ఏమగునని, భార్యాబిడ్డలను తలంచుకొమ్మని అనేకులు చెప్పిరి. అతడు వినలేదు. 1943 ఆగస్టు 9న అతని తల నరికిరి. అతనిది ఏలీయా త్రోవ. ఆ రైతు యెదుట నిలిపి చూచినయెడల, మన కెప్టెను చివరివరకు ఆ బట్టలు విప్పనివాడే. ఆ సైన్యమును నడిపించిన లక్షల చేతులలో ఆయన చేయియు ఒకటే. దీనిని మెత్తపరచి చెప్పరాదు.

అయితే వాక్యము రెండు త్రోవలను చూపుచున్నది. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సిపాయిలు వచ్చి మేమేమి చేయవలెనని అడిగిరి (లూకా 3:14). ఆయన వారితో కత్తి పారవేయుమని చెప్పలేదు. మీ పని మీరు చేసికొనుడని ఊరకయు పంపలేదు. ఎవరిని పీడింపవద్దనియు, అబద్ధపు నేరము మోపవద్దనియు, జీతము చాలునని యుండవలెననియు చెప్పెను. ఆ కాలపు సిపాయికి ఇవి చిన్న మాటలు కావు. పీడింపక, నేరము మోపక, లంచము తినక ఉండు సిపాయి తన దండులో ఎంతకాలము నిలువగలడు? యోహాను ఆ కొలువులోనికి ఒక గీత పంపెను. ఆ గీత దాటకుండ ఉండవలసినవాడు ఏదో ఒక దినమున తన పై అధికారికి ఎదురు పడకతప్పదు.

ఓబద్యా ఆ గీతయొద్ద నిలిచెను. యూదా రాజైన సిద్కియా ఇంటిలో ఎబెద్మెలెకు అను కూషీయుడును ఆలాగే నిలిచెను. అధిపతులు యిర్మీయాను బురదగోతిలో దింపగా, అతడు రాజుతో ధైర్యముగా మాటలాడి, చినిగిన పాత బట్టలు త్రాళ్లకు చేర్చి, అవి చంకలక్రింద పెట్టుకొమ్మని చెప్పి, ప్రవక్తను పైకి లాగెను (యిర్మీయా 38). త్రాడు చంకలను కోయకుండ పాతబట్టలు వెదకిన ఆ చేతిని చూడుడి! నగరిలో ఉన్నవానికే ఆ బట్టలు ఎక్కడ దొరకునో తెలియును. లోపల ఉన్నవాడు మాత్రమే చేయగల మేలు ఒకటి ఉన్నది. లోపల ఉండి దానిని చేయనివాడు, బయట ఉన్నవానికంటె ఎక్కువ లెక్క అప్పగింపవలెను.

రెండవది: చేసిన మేలు కొలువు యొక్క కీడును కడిగివేయునా? వేయదు. దేవుని యొద్ద అంగడి లెక్క లేదు. ఒక ప్రక్క జమ, ఒక ప్రక్క ఖర్చు వ్రాసి మిగులు చూపించి పరలోకములో ప్రవేశించువాడు ఎవడును లేడు. మన పాపమును కడుగునది క్రీస్తు రక్తము మాత్రమే. అటకలోని మనుష్యునికి ఇచ్చిన రొట్టె ఆ రైలుపెట్టెలకు బదులు కాదు. హోసెన్‌ఫెల్డ్ ఆలాగు లెక్క వేసికొనలేదని ఆయన వ్రాతలే సాక్ష్యము చెప్పుచున్నవి.

ఓబద్యా ఏలీయాను కలిసికొన్నప్పుడు జరిగినది చూడుడి. అతడు భయపడి, నేను ప్రవక్తలను దాచిన సంగతి మీకు తెలియదా అని తన మేలును చెప్పుకొనెను. ఏలీయా దానికేమి జవాబిచ్చెను? మెచ్చుకొనలేదు, గద్దింపలేదు. నీవు పోయి నీ రాజుతో నేను వచ్చితినని చెప్పుమని మరియొక పని యిచ్చెను. అది రొట్టె మోయుటకంటె కఠినమైన పని. అంతవరకు చీకటిలో సేవచేసినవాడు ఇప్పుడు అహాబు ముఖము చూచి మాటలాడవలెను. చేసిన మేలును లెక్కపెట్టుకొనుచు కూర్చుండుటకు దేవుడు తీరిక యియ్యడు. తరువాతి మెట్టు చూపును.

ఇప్పుడు మన పల్లెలకు వత్తము. మనకు హిట్లరు లేడు, నిజమే. అయినను ఇటుకబట్టీలు ఉన్నవి. సంఘములోని ఒక యువకుడు బట్టీలో లెక్కలు వ్రాయు పనికి కుదిరెననుకొందము. దూరదేశమునుండి బయానా తీసికొని వచ్చిన కూలి కుటుంబములు అక్కడ ఉన్నవి. తండ్రి, తల్లి, పిల్లలు మట్టి పిసుకుదురు. సంవత్సరము తిరిగినను అప్పు తరుగదు. వెట్టిచాకిరి నిలిపివేసిన చట్టము 1976లోనే వచ్చినను, పుస్తకములో అంకెలు వ్రాయు కలము దానిని మరల బ్రతికించుచున్నది. ఆ యువకుడు వచ్చి, "అయ్యగారూ, నేను ఈ పని మానివేయవలెనా?" అని అడిగినయెడల ఏమి చెప్పవలెను?

మానివేసినయెడల ఆ కుర్చీలో మరియొకడు కూర్చుండును, వాడు దేవునికి భయపడనివాడు కావచ్చును. మానకపోయినయెడల తన చేయి ఆ పాపములో ఉండును. రెండును నిజమే. అతనితో నేను యోహాను చెప్పినట్లే చెప్పుదును: ఉన్నంతకాలము నిజమైన అంకె వ్రాయుము. చదువురాని తల్లికి ఆమె లెక్క ఆమె భాషలో చదివి వినిపింపుము. జ్వరముతో ఉన్న బిడ్డను చూచినప్పుడు ముకద్దము కంటబడకుండనైనను మందు చేర్చుము. విడిపించు చట్టమున్నదని వారి చెవిని వేయుము. యజమానుడు నీ చేతికి అబద్ధపు అంకె యిచ్చి వ్రాయుమనిన దినమున కలము క్రింద పెట్టుము. ఆ దినము రాకపోదు. వచ్చినప్పుడు, ఇన్నాళ్లు నేను మందు ఇచ్చితిని గదా అని ఆ అంకె వ్రాయకుము.

పనివాని నోట రెండు సాకులు ఎల్లప్పుడు సిద్ధముగా ఉండును. మొదటిది, "నేనేమి చేయగలను, పైవారి ఆజ్ఞ" అనునది. రెండవది, "నాకు చేతనైన ధర్మము నేను చేయుచున్నాను, ఇక నన్ను అడుగవద్దు" అనునది. మొదటి సాకు చేతులను కట్టివేయును. రెండవది మనస్సాక్షిని నిద్రపుచ్చును. మేలు చేయనెరిగి చేయనివానికి అది పాపమని యాకోబు వ్రాసెను (4:17). తూకమువేయు కొట్టులోను, ధ్రువపత్రము కొరకు పేదవానిని పదిసార్లు త్రిప్పు కచేరీలోను, కాన్పు గదిలో చేయి చాపు ఆసుపత్రిలోను, మన సంఘపు బిడ్డలు పనిచేయుచున్నారు. వారు ఆదివారము బల్లయొద్దకు వచ్చుచున్నారు. వారికి ఓబద్యాను గూర్చి బోధింపక కర్మెలును గూర్చి మాత్రమే బోధించినయెడల, సోమవారము వారిని దిక్కులేనివారిగా పంపిన వారమగుదుము.

ఒక కష్టమైన సంగతి మిగిలియున్నది. ఎబెద్మెలెకు ప్రాణము యెరూషలేము పడినప్పుడు దక్కునని దేవుడు యిర్మీయా ద్వారా మాట యిచ్చెను. మన బడిపంతులుకు ఆలాగు దక్కలేదు. ఆయన దాచినవాడు బ్రతికి, 2000 వరకు జీవించి, సంగీతము చేసెను. దాచినవాడు ఏడేండ్లు చెరలో క్రుంగి చనిపోయెను. మేలుకు ఇదియా ఫలము? హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము ఈ ప్రశ్నను దాటిపోలేదు. విశ్వాసముచేత కొందరు కత్తివాత పడక తప్పించుకొనిరి, అదే విశ్వాసముచేత కొందరు కత్తివాత పడిరి. ఇద్దరి పేరులును ఒకే పట్టీలో ఉన్నవి. విడుదల పొందినవాని విశ్వాసము గొప్పదనియు, పొందనివానిది కొరవడినదనియు అక్కడ వ్రాయలేదు.

మరియు మత్తయి 25లో రాజు కుడివైపున నిలిచినవారు ఆశ్చర్యపడుదురు: ప్రభువా, నీవు ఆకలిగొనియుండగా మేమెప్పుడు చూచితిమి? వారికి జ్ఞాపకము లేదు. తీసికొన్నవాడు ఎవరో వారెరుగరు. అటకలోని మనుష్యుడును తనకు ఇచ్చినవాని పేరు ఎరుగక ఆరేండ్లు గడిపెను. లోకపు న్యాయస్థానము కోటును చూచి తీర్పు చెప్పెను. 56 ఏండ్లకు మరియొక సంస్థ పేరు వ్రాసెను. ఆ మధ్య కాలములో ఆ రొట్టె ఎవరి లెక్కలో ఉండెను? రహస్యమందు చూచు తండ్రి లెక్కలో ఉండెను. అది చాలును.

కాబట్టి ప్రియులారా, నేనెవరి ఇంటిలో ఉన్నాను అని అడుగుకొనుడి. ఆ ఇంటి కొట్టు తాళపుచెవి నా చేతిలో ఉన్నదా? నా మెట్లపైన, నా గోడకు ఆవల, ఎవరు ఆకలిగొనియున్నారు? నేను దాటరాని గీత ఎక్కడ ఉన్నది? ఈ నాలుగు ప్రశ్నలను ఈ నెల కుటుంబ ప్రార్థనలో పెద్దలును యువకులును కలిసి విచారింపుడి. ఏలీయాగా పిలువబడినవాడు కొలువు విడిచి బయటికి పోవును గాక. ఓబద్యాగా ఉంచబడినవాడు రొట్టె మోయును గాక. మోయుచు మోయుచు, పోయి నీ యజమానునితో చెప్పుమని పిలుపు వచ్చు దినమునకు సిద్ధపడియుండును గాక.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మేము తినుచున్న కూడులో ఎవరి కన్నీరు కలిసియున్నదో మాకు చూపుము. పైవారికి భయపడి నీకు భయపడని హృదయమును మాలోనుండి తీసివేయుము. మేము చేసిన కొంచెము మేలును అడ్డుపెట్టుకొని చేయవలసిన మేలునుండి దాగకుండ మమ్మును కాపాడుము. మా మేలువలన కాక, నీ కుమారుని కృపవలన మమ్మును చేర్చుకొనుము. ఆయన నామమున అడుగుచున్నాము. ఆమేన్.